అమ్మాయి మ్యూజిక్ కంపోజిషన్ చదువుతానంటోంది, లోన్ ఎంతవరకు తీసుకోవచ్చు?

ప్రశ్న: నా వయసు 51. మా అమ్మాయి స్కూలు చదువు పూర్తి కావస్తోంది. యూనివర్సిటీలో మ్యూజిక్ కంపోజిషన్ చదువుతానని పట్టుబట్టింది. చిన్నప్పటి నుంచీ పియానో నేర్చుకుంటోంది, సొంతంగా నాలుగైదు రచనలు కూడా చేసింది. కోర్సు నాలుగేళ్లు. తన చదువుకని దాచిన డబ్బు మొత్తం ఖర్చులో సగానికి వస్తుంది. మిగతా సగానికి ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలా, ఇల్లు తాకట్టు పెట్టాలా, రిటైర్మెంట్ ఫండ్‌లోంచి తీయాలా? నేను తొమ్మిదేళ్లలో రిటైరవుతాను. అసలు ఈ చదువుకి ఇంత పెట్టొచ్చా?

జవాబు: మీరడిగిన మూడు దారుల్లో రెండింటి సంగతి ముందే తేల్చేద్దాం. రిటైర్మెంట్ ఫండ్ జోలికి వెళ్లొద్దు. ఇల్లు తాకట్టు పెట్టొద్దు. ఇంటి మీద అప్పుకి వడ్డీ కాస్త తక్కువే పడొచ్చు. కానీ అమ్మాయి సంపాదన ఆలస్యమైతే చేజారేది ఇల్లు, ఈ రంగంలో ఆలస్యం కావడమే మామూలు. ఇక మిగిలింది ఎడ్యుకేషన్ లోన్. అది తీసుకోవచ్చు, అయితే లోటు మొత్తానికీ కాదు.

ఎందుకో లెక్క చూడండి. వడ్డీ 10 శాతం అనుకుందాం. 100 అప్పుని ఏడాదికి 25 చొప్పున నాలుగేళ్లలో తీసుకుని, చదువయ్యేదాకా వడ్డీ కట్టకుండా వదిలేస్తే, అది అసలులో కలుస్తూ పోయి కోర్సు చివరికి దాదాపు 128 అవుతుంది. దాన్ని పదేళ్ల ఈఎంఐలుగా తీరిస్తే మొత్తం కట్టేది 202 పైమాటే. అంటే రెట్టింపు. పైగా వచ్చే ఏడాది కోర్సు మొదలైతే, ఆఖరి ఈఎంఐ నాటికి మీకు 66 ఏళ్లు. లోన్ పేపర్ల మీద మీ సంతకం కూడా ఉంటుంది కాబట్టి, అమ్మాయి కట్టలేని నెలల్లో బ్యాంకు ఫోన్ మీకే వస్తుంది, అదీ పెన్షన్ రోజుల్లో.

అందుకే ఈ చదువుకి లోన్ హద్దుని కంపోజర్‌గా వచ్చే ఆదాయం చూసి పెట్టుకోవద్దు. పాఠాలు చెప్పినా, ఆడియో ఎడిటింగ్ చేసినా, ఇతరుల స్కోర్లు (సంగీతం రాసిన కాగితాలు) శుభ్రంగా రాసిపెట్టినా మొదటి ఏడాదిలో నెలకి ఎంత వస్తుందో అమ్మాయి చేతే వాకబు చేయించండి. అందులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు దాటని ఈఎంఐకి ఎంత లోన్ వస్తుందో అంతే తీసుకోండి. మిగతా లోటుని ఖర్చు తగ్గించి పూడ్చాలి.

తగ్గించే ముందు, యూనివర్సిటీకి కట్టే ఫీజుతో అసలు ఏం వస్తోందో తెలియాలి. హార్మనీ (స్వరాలని కలిపి పలికించడం), కౌంటర్‌పాయింట్ (ఒకేసారి సాగే రాగ వరుసల్ని అల్లడం) పుస్తకాల్లో దొరుకుతాయి, మంచి గురువు దగ్గర విడిగా కూడా నేర్చుకోవచ్చు. బయట కొనాలంటే నిజంగా ఖరీదైనది ఒక్కటే, రాసింది వాయించే మనుషులు. కంప్యూటర్‌లో ఫ్లూట్ కింది స్వరాలు మూడు ట్రంపెట్ల మధ్య కూడా స్పష్టంగా వినిపిస్తాయి. రిహార్సల్ గదిలో అదే పేజీ వాయిస్తే ఫ్లూట్ వాయించేవాళ్ల వేళ్లు కదులుతుంటాయి, శబ్దం మాత్రం వినపడదు. అప్పుడు విద్యార్థి పెన్సిల్ తీసి, ఆ వరుసని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి రాయాలో, ట్రంపెట్లని ఆపాలో అక్కడికక్కడే తేల్చుకుంటుంది. ఇలాంటి పావుగంట కోసం బయట ఆర్కెస్ట్రాని అద్దెకి తీసుకోవడం మన తరం కాదు. క్యాంపస్‌లో వాయిద్యాలు నేర్చుకునే పిల్లలు ఉంటారు కాబట్టే అది కుదురుతుంది.

కాబట్టి యూనివర్సిటీల పేరు చూసి మోజుపడకండి. ప్రతిదానికీ ఈమెయిల్ పెట్టి అడగండి: కంపోజిషన్ విద్యార్థి రచనని ఏడాదికి ఎన్నిసార్లు మనుషులు వాయిస్తారు? రికార్డింగ్ ఇస్తారా? వాయించేవాళ్లకి డబ్బు ఎవరిస్తారు? స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, మార్కులు తగ్గితే ఆపేస్తారా? మొదటి ప్రశ్నకి సూటిగా జవాబివ్వని చోట పెద్ద ఫీజు కట్టడం నాకైతే ఇష్టం ఉండదు.

ఫీజే లేని చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాల 1928 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు, కాకపోతే చేర్చుకునేది చాలా కొద్దిమందిని. జర్మనీ ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ లేదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. ప్రవేశ పరీక్ష గట్టిది, జర్మన్ భాష రావాలి, బతుకు ఖర్చు ఎలాగూ ఉంటుంది. అయినా అప్లికేషన్ పెట్టి చూడటానికి పోయేదేముంది?

ఇంకో సంగతి. ఈ సబ్జెక్ట్‌లో పైకి వెళ్లేకొద్దీ డబ్బు సాయం పెరుగుతుంది. అమెరికాలోని యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో పీజీ స్థాయి చదువుకి, 2005లో వచ్చిన 10 కోట్ల డాలర్ల విరాళం పుణ్యమా అని, ట్యూషన్ లేదు. అమెరికాలో కంపోజిషన్ డాక్టరేట్ చేసేవాళ్లలో చాలామందికి ఫీజు మాఫీతో పాటు, పాఠాలు చెప్పినందుకు స్టైపెండ్ కూడా వస్తుంది. అంటే డిగ్రీలోనే పెద్ద పేరు కోసం అప్పుల్లో మునగాల్సిన పని లేదు. అందుబాటు ఫీజులో, బాగా వాయించే పిల్లలున్న చోట డిగ్రీ చేసి, మంచి స్కోర్లు, రికార్డింగులు చేతపట్టుకుని పీజీకి పెద్ద చోటికి వెళ్లడం నాకు నచ్చిన దారి. పీజీ ప్రవేశాల్లో ముందు చూసేది ఆ పోర్ట్‌ఫోలియోనే.

సామాన్ల మీద కూడా డబ్బు పోయకండి. నొటేషన్ (స్వరలిపి) రాయడానికి మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మూడున్నర దశాబ్దాలు ఏలిన ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని దాని కంపెనీయే 2024 ఆగస్టులో ఆపేసింది, ఎంత డబ్బు పెట్టి కొన్నవాళ్లయినా వేరేదానికి మారే దారి చూసుకోవాల్సి వచ్చింది. ఫలానాది కావాలని డిపార్ట్‌మెంట్ చెప్తే, అప్పుడు స్టూడెంట్ డిస్కౌంట్‌లో కొనొచ్చు.

ఆదాయం గురించి అమ్మాయికి ఇప్పుడే తెలియాల్సినవి రెండున్నాయి. ఒకటి, రాయల్టీ నిదానంగా వస్తుంది. టీవీలో పాట పడ్డాక, రాయల్టీలు వసూలు చేసే సొసైటీ ఆ డబ్బు వసూలు చేసి పంచేసరికి నెలలు గడుస్తాయి, ఏ సంగీతం ఎన్ని సెకన్లు వాడారో చెప్పే క్యూ షీట్ దాఖలు కాకపోతే వచ్చేదీ రాకుండా పోవచ్చు. రెండు, హక్కులన్నీ రాసిచ్చి ఒకేసారి డబ్బు తీసుకునే ఒప్పందాలు మొదట్లో చాలా ఎదురవుతాయి. నెలనెలా ఈఎంఐ కట్టాల్సిన మనిషికి వాటిని కాదనడం కష్టం. అప్పు తక్కువ ఉండాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

రెండో పని ఉండటం నామోషీ అని మాత్రం అనుకోనివ్వకండి. అమెరికన్ కంపోజర్ చార్ల్స్ ఐవ్స్ 1898లో యేల్‌లో సంగీతం చదివి బయటికొచ్చాక ఇన్సూరెన్స్ వ్యాపారం నడుపుతూనే సింఫనీలు రాశాడు. 1947లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. నాలాగే డబ్బు లెక్కల వృత్తివాడు కాబట్టి ఆయనంటే నాకు కాస్త పక్షపాతం.

ఇక లోన్ తీసుకునే తీరు. మొత్తం ఒకేసారి తెచ్చుకోకుండా ఏడాదికి అవసరమైనంతే తీసుకోండి. మీ జీతం నడుస్తున్న ఈ నాలుగేళ్లూ వడ్డీ వరకైనా నెలనెలా కట్టేయండి. పైన చెప్పిన లెక్కలోనే అప్పు 128 కాకుండా 100 దగ్గరే ఆగుతుంది, అమ్మాయి మీద పడే ఈఎంఐ ఐదో వంతుకి పైగా తగ్గుతుంది. ఆ వడ్డీ కూడా మీ జీతంలోంచి కట్టలేమనిపిస్తే, లోన్ ఇంకా చిన్నది చేయండి.