నొప్పి తగ్గింది, ఎముక అతుక్కుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 68 ఏళ్లు. పలమనేరు దగ్గర పల్లెలో ఉంటాము. నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగేసేవి. రెండున్నర నెలల కిందట తిరుపతిలో రెండు వెన్నుపూసలను స్క్రూలు, రాడ్లు వేసి కలిపే ఆపరేషన్ చేశారు. కాళ్ల లాగుడు పోయింది గాని ఎడమ పాదంలో తిమ్మిరి తగ్గలేదు. పుత్తూరులో కట్టు కట్టించుకోమని చుట్టాలు చెబుతున్నారు. పనంతా కోడలే చేస్తుంటే చూస్తూ కూర్చోలేకపోతున్నాను. ఆవుల పాలు ఎప్పటినుంచి పితకవచ్చు? మెట్ల దారిలో కొండకు వస్తానని మొక్కుకున్నాను, ఈ ఏడాదే తీర్చుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, కాళ్ల లాగుడు పోయిందన్న మాట సంతోషం కలిగించింది. అయితే నన్ను కలవరపెట్టినది కూడా ఆ మాటే. నరం మీద ఒత్తిడి తొలగగానే నొప్పి తగ్గుతుంది గాని, వెన్నుపూసల మధ్య పెట్టిన ఎముక ముక్కలు గట్టిపడి ఒకే ఎముకగా కలవడానికి చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అంతవరకు ఆ చోటును కదలకుండా పట్టి ఉంచేవి స్క్రూలే. మీ వయసులో ఎముక పలచబడి ఉంటే, ముందుకు వంగినా, నడుము తిప్పినా, బరువెత్తినా అవి వదులయ్యే ప్రమాదం ఉంది.

పాలు పితకడంలో ఈ మూడూ ఉన్నాయి. గొంతుకు కూర్చుని వంగాలి, ఆవు కదిలితే అప్రయత్నంగా నడుము తిరుగుతుంది, చివరికి పాల క్యాను ఎత్తాలి. కాబట్టి ఎక్స్‌రేలో ఎముక కలిసిందని సర్జన్ చెప్పేదాకా ఆ పని వద్దు. కోడలికి సాయం చేయాలనుకుంటే కత్తిపీట ముందు నేల మీద కూర్చోకుండా, నడుము ఎత్తు గట్టు దగ్గర నిలబడి కూరగాయలు తరగండి. మంచం మీదినుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించుతూ చేతి ఊతతో లేవండి. అన్నిటికంటే పెద్ద మందు నడక. ఉదయం, సాయంత్రం చదునైన దారిలో కొద్దికొద్దిగా పెంచుకుంటూ నడవండి.

తిమ్మిరి గురించి బెంగ పడకండి. చాలాకాలం నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఏడాది దాటినా కొంత మిగిలిపోవచ్చు. ఆ పాదానికి వేడి, దెబ్బ తెలియవు గనుక చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లవద్దు. పాదం పైకి లేవకపోయినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం మీద అదుపు తప్పినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

చెయ్యి విరిగితే పుత్తూరు వెళ్లడం మన వైపు తరతరాల అలవాటు, ఆ చేతుల నేర్పును నేను తక్కువ చేయను. కానీ లోపల స్క్రూలున్న వెన్నును మర్దన చేయించడం, లాగించడం మాత్రం ఎంతమాత్రం కూడదు.

మీరు రాయలేదు గాని, మన పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది ఆకువక్కతో పొగాకు నములుతారు గనుక అడగక తప్పదు. మీకూ ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానండి. అందులోని నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది. రాగి సంగటి ఎలాగూ తింటూనే ఉంటారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. దానితో పాటు పప్పు, పాలు, గుడ్డు తినండి. విటమిన్ డి, ఎముక సాంద్రత పరీక్షలు చేయించమని, మధుమేహం ఉంటే అదుపులో ఉందో లేదో చూడమని మీ సర్జన్‌ను అడగండి.

ఇక మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఈ ఏడాది రెండూ వద్దు. స్వామికి మీరు గడువు చెప్పలేదు కదా! సర్జన్ సరేనంటే ఈసారి బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి, ఘాట్ మలుపుల్లో నడుము ఊగిపోకుండా ముందు సీటు కడ్డీ పట్టుకోండి. ఎముక కలిశాక, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ముందు ఇంటి మెట్లు ఎక్కి దిగడం అలవాటైన తరువాత, కొండ మెట్ల సంగతి సర్జన్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.