కడుపులో గుడ్డ వదిలేశారు, సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఏడాది కిందట తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మకు గర్భసంచి తీశారు. అప్పట్నుంచీ పొత్తికడుపులో నొప్పే. వెళ్లినప్పుడల్లా గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. పోయిన నెల వేలూరులో మళ్లీ ఆపరేషన్ చేస్తే గాజుగుడ్డ బయటపడింది. ఇప్పుడు తిరుపతివాళ్లు కట్టిన డబ్బు వెనక్కిస్తాం, కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. ఇంకో డాక్టరు వచ్చి సాక్ష్యం చెబితే తప్ప కేసు నిలవదని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి మేడమ్?

జవాబు: ముందు ఆ సంతకం ఆపండమ్మా. ఇక ఏ హక్కూ అడగబోమని రాయించుకోవడానికే అలాంటి కాగితాలు. వకీలుకు చూపించకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఏడాదిపాటు ఆ తల్లి నొప్పిని గ్యాస్ అని తోసేశారంటే నాకు కడుపు మండిపోతోంది.

కేస్ షీట్ మొత్తం కావాలని మీ అమ్మ సంతకంతో ఈ వారమే ఆ ఆసుపత్రికి అర్జీ ఇవ్వండి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లలో చాలామంది చేతిలో డిశ్చార్జి చీటీ ఒక్కటే ఉంటుంది. అది చాలదు. థియేటర్ నోట్స్, అంటే ఆపరేషన్ గదిలో రాసిన వివరాలు కావాలి. కడుపు మూసేముందు నర్సు గుడ్డలు లెక్కపెట్టాలి. ఆ లెక్క రాశారా, లోపలికి పోయినవన్నీ బయటికొచ్చాయా అన్నదే మీ కేసుకు ఆయువుపట్టు. వేలూరు కాగితాల్లో ‘ఫారిన్ బాడీ’ (ఒంట్లో ఉండకూడని బయటి వస్తువు) అని మాత్రమే ఉంటే అక్కడి ఆపరేషన్ నోట్స్ కూడా తీసుకోండి.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇలాంటి గాజుగుడ్డ కేసునే గడువు దాటిందని 2010లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసినామెకు 1993లో ఆపరేషన్ అయితే గుడ్డ దొరికింది 2002లో. దొరికిన రెండేళ్లలోపే ఫిర్యాదు చేసినా, అన్నేళ్లు నొప్పి పడుతూ ఆ డాక్టరును ఎందుకు కలవలేదని కోర్టు అడిగింది. మీ అమ్మ కలుస్తూనే ఉన్నారు కదా, ఆ గ్యాస్ మాత్రల చీటీలే దానికి రుజువు. ఒక్కటీ పారేయకండి. గుడ్డ దొరికిన తేదీని నమ్ముకోకుండా మొదటి ఆపరేషన్ నుంచే రెండేళ్లు లెక్కేసుకోండి.

మీ బంధువుల మాట పూర్తిగా నిజం కాదు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని అదే 2010లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో చెప్పింది, మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసది. కడుపులో గుడ్డ ఎలా మిగిలిందో ఇక ఆసుపత్రే చెప్పుకోవాలి. పోలీసు కేసు మాత్రం వేరే సంగతి. సుప్రీంకోర్టు 2005 తీర్పు ప్రకారం తీవ్రమైన నిర్లక్ష్యం చూపించాలి, స్వతంత్ర వైద్యుడి అభిప్రాయమూ కావాలి.

వినియోగదారుల కమిషన్ తిరుపతిలోనే ఉంది. ఆసుపత్రికి కట్టింది 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు వేలూరు బిల్లులతోపాటు మీ అమ్మ పనికి పోలేని రోజులు, తోడుగా ఉన్నవాళ్లు పోగొట్టుకున్న కూలి, బస్సు ఛార్జీలు, అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసి పట్టుకెళ్లండి.