పర్సంటేజీ తగ్గింది, పింఛను ఆగింది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలైంది. 2025 జనవరి నుంచి పింఛనుదారులకు మళ్లీ వైద్య పరీక్షలు మొదలయ్యాయి. ఆగస్టులో చాలామందికి అనర్హత నోటీసులు అందాయి, ఆ తర్వాత అప్పీళ్లకు అవకాశం ఇచ్చారు. ఈ వ్యవహారం మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

మా నాన్నకు 2011లో సదరం (వైకల్య సర్టిఫికెట్ల) క్యాంపులో చెవుడు 55 శాతం అని రాసిచ్చారు. ఇప్పుడు 36 అన్నారు. వయసు పెరిగేకొద్దీ చెవుడు తగ్గుతుందా? – ఒక పాఠకుడు, తణుకు

నరం దెబ్బతిని వచ్చిన చెవుడు తగ్గదు. అంకె మాత్రం మారొచ్చు. ఎందుకు మారిందో తెలియాలంటే లెక్క ఎలా కడతారో తెలియాలి.

ఒక్కో చెవికి 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర ఎన్ని డెసిబెల్స్‌కు వినబడుతోందో కొలిచి సగటు తీస్తారు. దాన్నిబట్టి ఆ చెవికి ఒక శాతం వస్తుంది. తర్వాత మెరుగైన చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవి శాతం కలిపి, 6తో భాగిస్తారు. అంటే మెరుగ్గా వినిపించే చెవికి ఐదు పాళ్ల విలువ. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే వచ్చేది 16.7 శాతమే.

మీ నాన్నగారి 36 ఎలా వచ్చి ఉండొచ్చో చూడండి. మెరుగైన చెవి 24, రెండోది 96 అనుకుంటే 120కి 96 కలిపితే 216, ఆరో వంతు 36. అదే మెరుగైన చెవి 29 అయి ఉంటే పింఛనుకు కావాల్సిన 40 శాతం దాటేది. తేడా అంతా ఒక్క చెవిలో ఐదు అంకెలు. కాబట్టి సర్టిఫికెట్ పట్టుకుని వాదించి లాభం లేదు, ఆడియోగ్రాం (వినికిడి కొలతల చార్టు) కాపీ అడగండి. అందులో ఈ నాలుగు ఫ్రీక్వెన్సీల అంకెలు రెండు చెవులకూ విడివిడిగా ఉండాలి.

తప్పులు రెండు వైపులా జరుగుతాయి. రొద ఉన్న గదిలో పరీక్ష చేస్తే చిన్న శబ్దాలు వినబడక చెవుడు ఎక్కువగా కనిపిస్తుంది. పాత క్యాంపుల్లో ఇలా జరిగిన సందర్భాలు ఉండొచ్చు. బాగా పోయిన చెవిని పరీక్షించేటప్పుడు రెండో చెవికి హోరు శబ్దం ఇచ్చి మూయకపోతే ఆ చెవే వినేస్తుంది, పోయిన చెవి బాగున్నట్టు నమోదవుతుంది. వినికిడి యంత్రం తీసేసి కొలవాలి. గుబిలి ఉంటే ముందే తీయించుకుని వెళ్లాలి. మీట నొక్కడంలో తడబడే పెద్దవాళ్లకు బెరా (శబ్దానికి మెదడు స్పందనను నమోదు చేసే) పరీక్ష చేయమని అడగొచ్చు, అందులో మనిషి జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఇంకో మాట. పాతది ఎక్కువ, కొత్తది తక్కువ, కాబట్టి కొత్తది తప్పు అని రాస్తే ఆ అప్పీలు నిలవదు. ఏ కొలత ఎందుకు నమ్మదగ్గది కాదో రాయాలి.

నోటీసులో "తనిఖీలో అనర్హులుగా తేలారు" అని ఒక్క వాక్యమే ఉంది. డాక్టర్‌ని అడిగితే ఆఫీసుకు పొమ్మంటున్నారు, ఆఫీసులో డాక్టర్‌ని అడగమంటున్నారు. – ఒక పాఠకురాలు, మార్కాపురం

ఇద్దరూ సగం నిజమే చెబుతున్నారు. ఇక్కడ నిర్ణయాలు రెండు. వైకల్యం ఎంత శాతం అన్నది డాక్టర్ నిర్ణయం. పింఛను ఉంచాలా ఆపాలా అన్నది పింఛను అధికారి నిర్ణయం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 40 శాతం గీత ఉంది కాబట్టి మొదటిది పడిపోతే రెండోది దానంతటదే పడిపోయినట్టు కనిపిస్తుంది. కానీ సవాలు చేసే దారులు వేరు.

శాతం మీద అభ్యంతరమైతే ఆ చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. పింఛను ఆపడం మీదైతే నోటీసులో చెప్పిన అధికారికి, అంటే పల్లెల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మునిసిపల్ కమిషనర్‌కు అర్జీ ఇవ్వాలి. రెండూ ఇవ్వండి. ఒకటి ఇచ్చి ఊరుకుంటే రెండోదాని గడువు దాటిపోతుంది.

ఇక కారణం చెప్పని నోటీసు సంగతి. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని దివ్యాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నియమాలు చెబుతున్నాయి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా నిర్ణయం వల్ల నష్టపోయిన వ్యక్తికి కారణాలు చెప్పాలంటోంది. ఉత్తర్వులో రాసిన కారణాలతోనే ఆ ఉత్తర్వు నిలబడాలి, తర్వాత కొత్త కారణాలు తెచ్చి అతికించకూడదని సుప్రీంకోర్టు 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. కారణమే లేని నోటీసు మీ చేతిలో బలమైన కాగితం, పారేయకండి.

అర్జీలో ఆవేదన రెండు వాక్యాలు చాలు. తర్వాత ఇవి ఉండాలి: పింఛను ఐడీ, సదరం నంబరు, నోటీసు తేదీ, అది మీ చేతికి అందిన తేదీ, ఏ పరీక్ష ఎప్పుడు చేశారు, ఏది చేయలేదు. "పరీక్ష రిపోర్టుల నకళ్లు ఇవ్వండి, నా మాట విన్న తర్వాతే నిర్ణయం తీసుకోండి, అప్పటిదాకా పింఛను కొనసాగించండి" అని స్పష్టంగా అడగండి. పాత, కొత్త సర్టిఫికెట్లు, నోటీసు, మందుల చీటీలు జిరాక్సులే జత చేయండి, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే అర్జీ ఇవ్వలేదనడం ఎవరికైనా సులువే.

రిపోర్టులు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. వకీలు కావాలంటే దివ్యాంగులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి.

మా బాబుకు పన్నెండేళ్లు, మానసిక ఎదుగుదల తక్కువ. ముందు 50 శాతం, ఇప్పుడు 25 అన్నారు. వాడు ఏమీ మారలేదు. – ఒక తల్లి, నంద్యాల

అమ్మా, సగానికి సగం పడిందంటే బాబు మారాడని కాదు, గీత దాటాడని. రోజువారీ పనులు తనే చేసుకోగల నేర్పును కొలిచే వీఎస్‌ఎంఎస్ అనే పరీక్షలో స్కోరు 55 నుంచి 69 దాకా ఉంటే 50 శాతం, 70 నుంచి 84 దాకా అయితే 25. మధ్యలో మెట్టు లేదు. 69కి పింఛను ఉంది, 70కి లేదు.

ఈ స్కోరు బాబును చూసి మాత్రమే వేయరు. తోడు వచ్చినవాళ్లను అడిగి వేస్తారు: తనే తింటాడా, గుండీలు పెట్టుకుంటాడా, వీధిలోకి ఒంటరిగా వెళ్తాడా, డబ్బు లెక్క తెలుసా. ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు. బిడ్డను తక్కువ చేసి చెప్పడం ఇష్టంలేక "అన్నీ చేసుకుంటాడండీ" అంటారు. మీరు పళ్లెంలో కలిపి పెడితే తినడం వేరు, తనే వడ్డించుకుని తినడం వేరు. ఎంత సాయం చేస్తే చేస్తాడో అంతా చెప్పండి. రోజూ చూసుకునే మనిషే తోడు వెళ్లాలి, ఆ రోజు ఖాళీగా ఉన్న బాబాయి కాదు. బడి టీచర్ దగ్గర ఒక కాగితం రాయించుకుని వెళ్లండి. అప్పీల్లో ప్రశ్నలకు ఎవరు జవాబు చెప్పారో తప్పక రాయండి.

పుట్టుకతో ఒక కన్ను కనబడదు. రెండోది బాగుంది. అప్పీలు చేస్తే ఫలితం ఉంటుందా? – ఒక పాఠకుడు, పలమనేరు

ఉండదు. రెండో కన్ను బాగుంటే నిబంధనల ప్రకారం 30 శాతమే. రెండో కంటికి అద్దాలు పెట్టినా చూపు 6/18 కన్నా తక్కువైతేనో, చూపు పరిధి కుంచించుకుపోతేనో లెక్క మారుతుంది. 60 ఏళ్లు నిండితే వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు చేసుకోండి.

మా అత్తగారికి పక్షవాతం, మంచంలోనే ఉంటారు. ఇంటికొచ్చిన బృందం కూర్చోబెట్టి చూసి, మంచాన పడినవారికిచ్చే 15,000 పింఛను నుంచి 6,000కు మార్చమని రాసింది. – ఒక పాఠకురాలు, బొబ్బిలి

కూర్చోబెడితే కూర్చోవడం వేరు, తనంతట తాను లేచి కూర్చోవడం వేరు. మళ్లీ వస్తే మీరు చేయి వేయకండి, దిండ్లు ఆనించకండి. ఆమెను లేవమని ఆ బృందాన్నే చెప్పమనండి. మంచం నుంచి కుర్చీకి మారడం, దొడ్డికి పోవడం, అన్నం తినడం, పక్కకు ఒత్తిగిలడం, ఈ నాలుగింటికీ ఎవరి సాయం ఎంత కావాలో వారం రోజులు తేదీలు వేసి రాసి అప్పీలుకు జత చేయండి. పక్కపుండ్లు, మూత్రం గొట్టం ఉంటే డాక్టర్ చీటీ పెట్టండి.

మండల కార్యాలయంలో పింఛన్ల పని చూస్తాను. పై నుంచి జాబితా వస్తుంది, మేం నోటీసులు పంచుతాం. మా స్థాయిలో న్యాయంగా చేయగలిగేది ఏమైనా ఉందా? – పేరు వద్దన్న పాఠకుడు

చాలానే ఉంది. నోటీసు చేతికిచ్చిన తేదీ రాసి సంతకం తీసుకోండి, గడువు అక్కడి నుంచే లెక్కించమని మీ ఫైల్లో రాయండి. చూపులేనివారికి, చదువురానివారికి నోటీసు చదివి వినిపించండి, వినికిడి లేనివారికి ఇంట్లోవాళ్ల సమక్షంలో ఇవ్వండి. పరీక్షకు రాలేదు కాబట్టి అనర్హులు అని ఉన్న పేర్లను విడిగా తీయండి. వారిలో కబురు అందనివాళ్లు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, బండి కట్టించుకునే స్తోమత లేనివాళ్లు ఉంటారు. రాకపోవడం, శాతం తగ్గడం ఒకటి కాదు. సర్టిఫికెట్ మీద "తాత్కాలికం" అని ఉందంటే కొన్నాళ్లకు మళ్లీ చూడాలని అర్థం, వైకల్యం తక్కువని కాదు. ఈ రెండు రకాల పేర్లనూ 40 శాతం లోపువారితో కలిపి ఒకే జాబితాగా పైకి పంపకండి.

అప్పీలు మీద మొదట చూసిన డాక్టర్ దగ్గరికే తిరిగి పంపుతుంటే, వేరే డాక్టర్ చూడాలని ఒక్క లైను నోట్ పెట్టండి.