1935లో బోయింగ్ బాంబర్ టేకాఫ్ కాగానే ఎందుకు కూలింది? ఇంజిన్ లోపమా?

ఇంజిన్లు బాగానే ఉన్నాయి. లాక్ తీయడం మరిచిపోయారు, అంతే. నిలిపి ఉంచిన విమానం తోక దగ్గరి కదిలే పలకలు గాలికి కొట్టుకోకుండా బిగించి పెడతారు. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, రైట్ ఫీల్డ్‌లో ఆ బాంబర్, మోడల్ 299, ఆ లాక్‌తోనే పరీక్షకు లేచింది. ముక్కు నిటారుగా పైకి లేచింది, దించే వీల్లేదు. వేగం పడిపోయి, కిందపడి అంటుకుంది.

మేజర్ ప్లోయర్ హిల్, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరూ చెయ్యి తిరిగిన పైలట్లు. అదే మనసును కలచివేస్తుంది.

సైన్యం పెద్ద ఆర్డర్ పోటీ కంపెనీ డగ్లస్‌కు పోయింది. అయినా సైన్యం ఈ బోయింగ్ విమానాలు 13 తీసుకుంది, పైలట్ల చేతికి చెక్‌లిస్ట్ ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోగిన బి-17 బాంబర్ ఇదే.