డెంటల్ సక్షన్ బాగుపడాలంటే మోటార్‌తో మొదలుపెట్టొద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: రూట్ కెనాల్ జరుగుతుండగా మీ అమ్మగారికి నీళ్లు గొంతులోకి జారి రెండుసార్లు పొలమారింది. మీరేమో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నారు. నోట్లో నీళ్లను ఇంతకంటే గట్టిగా లాగే సక్షన్ మెషీన్ ఒకటి ప్రాజెక్టుగా చేయొచ్చా, చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను ఇంజనీర్ని కాను. 11 ఏళ్లు డెంటల్ అసిస్టెంట్‌గా చైర్ పక్కన కూర్చుని సక్షన్ పట్టుకున్నదాన్ని. మధ్యలో మా డాక్టరు గారు, ఆయన స్నేహితుడైన ఒక డిజైనర్ కలిసి కొత్త రకం టిప్ (సక్షన్ గొట్టం కొసన నోట్లో పెట్టే భాగం) చేద్దామని ఏడాదిన్నర పాటు కుస్తీ పట్టారు. తయారైన ప్రతి నమూనా ముందు నా చేతికే వచ్చేది. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

గట్టిగా లాగే మోటార్ అన్న ఆలోచన దగ్గరే మేమూ మొదలుపెట్టాం. మూడు నెలలు దండగయ్యాయి. ఎందుకో లెక్క వేసి చూడండి. డ్రిల్ నుంచి వచ్చే నీళ్లు నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్లు. దానికి నోట్లో ఊరే లాలాజలం ఇంకో రెండు మూడు మిల్లీలీటర్లు కలుపుకోండి. లావు గొట్టం ఉన్న సక్షన్ లాగే గాలి నిమిషానికి 250 లీటర్ల పైమాటే. అంటే వచ్చే నీళ్ల కంటే లాగే గాలి దాదాపు 5,000 రెట్లు. నీళ్లు ఎక్కువై మోటార్ చాలకపోవడం కాదు. నీళ్లు ఒకచోట, టిప్ ఇంకోచోట. అసలు జబ్బు అదే.

ఒక కొవ్వొత్తి వెలిగించి మూరెడు దూరం నుంచి ఊది ఆర్పండి. ఆరిపోతుంది. ఇప్పుడు అంతే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పడానికి చూడండి. మంట కదలను కూడా కదలదు. ఊదిన గాలి ఒకే దిక్కున దూసుకుపోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. అందుకే గొట్టం మూతి నుంచి దాని వ్యాసమంత దూరం జరిగేసరికే గాలి వేగం పదో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. మేం వాడే లావు టిప్ మూతి 8 మిల్లీమీటర్లు. అంటే నా చెయ్యి ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగినా, మోటార్ ఎంత పెద్దదైనా ఒకటే. డిజైనర్ ఈ విషయం కాగితం మీద గీసి చూపించినప్పుడు నాకు నవ్వొచ్చింది. కొత్త అమ్మాయిలకు నేను "పంటిని తాకీ తాకనట్టు పట్టుకో" అని చెప్పేది ఇదే కదా!

నీళ్లే తగ్గిస్తే పోలేదా అని మీకు అనిపించొచ్చు. కుదరదు. ఎయిరోటర్, అంటే పన్ను కోసే ఆ డ్రిల్, నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. నీళ్లు లేకుండా దాంతో పన్ను కోస్తే ఆ వేడికి లోపలి నరం దెబ్బతింటుంది.

ఇక మా నమూనాల సంగతి. మొదటిది లావు మోటార్, 11 మిల్లీమీటర్ల మూతి. పెట్టీ పెట్టగానే బుగ్గ వచ్చి టిప్‌కు అతుక్కుంది. లాగితే "ఫట్"మని ఊడింది. చూస్తే లోపల గుండ్రంగా ఎర్రటి అచ్చు. కూర్చున్నది మా డాక్టరు గారే కాబట్టి సరిపోయింది, పేషెంట్ అయితే మళ్లీ మా ముఖం చూసేవారు కాదు. పైగా అంత లావు మూతి వెనక దవడలో పెడితే డాక్టరుకు పన్ను కనపడదు. పిల్లల నోట్లో అయితే అసలు పట్టదు. చప్పుడు మరీ ఘోరం. ఆ శబ్దానికే సగం మందికి టెన్షన్ వస్తుంది, అది చిన్న విషయం అనుకోకండి. భయంతో నాలుక బిగించిన మనిషి నోట్లో ఏ పరికరమూ సరిగ్గా పనిచేయదు.

రెండో నమూనాలో పక్కల చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు, మూతి మూసుకుపోయినా గాలి ఆడేలా. బుగ్గ అతుక్కోవడం తగ్గింది. కానీ ఆశపడి రంధ్రాలు ఎక్కువ పెట్టేశారు. గాలికి దగ్గరి దారి దొరికితే దూరపు దారిలో ఎందుకు వస్తుంది? గొట్టం వైపున్న రంధ్రాలే గాలంతా లాగేసుకున్నాయి, కొసన నీళ్లు అలాగే నిలిచిపోయాయి. తర్వాత కొసకు దగ్గరగా రెండే రెండు రంధ్రాలు ఉంచి, మూతిని ఏటవాలుగా కోశారు. బజారులో దొరికే మంచి టిప్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయని అప్పుడు గమనించాం. ముందే గమనించి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

మూడోది సిలికాన్‌తో గుర్రపునాడా ఆకారం. నాలుకను, బుగ్గను పక్కకు నెట్టి పట్టుకుంటూ, వెనక దంతం చుట్టూ తిరిగి నీళ్లు లాగాలని ఉద్దేశం. ఆలోచన మంచిదే. నోరు తెరిచి ఉంచే దిమ్మ, సక్షన్, లైటు మూడూ కలిపిన ఐసోలైట్ లాంటివి ఇప్పటికే ఉన్నాయి, ఒంటరిగా పనిచేసే డాక్టర్లకు బాగా పనికొస్తాయి. మాది మాత్రం కొండనాలుక దగ్గరకు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వెళ్లింది. పెట్టిన ముగ్గురిలో ఇద్దరికి వాంతి వచ్చినంత పనైంది. నోరు అందరికీ ఒకే కొలతలో ఉండదు. ఈ దారిలో వెళ్తే మీరు చేయాల్సింది ఒక పరికరం కాదు, నాలుగైదు సైజులు.

చివరికి నాకు నిజంగా సుఖమిచ్చిన మార్పు ఏమిటో తెలుసా? నోట్లో పెట్టేది కాదు. టిప్ వెనక, గొట్టం తగిలించే చోట అటూ ఇటూ తిరిగే చిన్న కీలు. మామూలుగా ఆ గొట్టం బరువుగా, మొండిగా ఉంటుంది. మణికట్టు తిప్పిన ప్రతిసారీ అది వెనక్కి లాగుతుంది. ముప్పావు గంట స్కేలింగ్ (పళ్ల గార తీయడం) అయ్యేసరికి చెయ్యి సన్నగా వణుకుతుంది, టిప్ జరుగుతుంది, పేషెంట్‌కు పొలమారుతుంది. మీ అమ్మగారి విషయంలో ఏం జరిగిందో నేను చూడలేదు, కానీ పంపు తప్పు కంటే అలిసిపోయిన చెయ్యి తప్పే ఎక్కువసార్లు చూశాను. తిరిగే కీలున్న హ్యాండిళ్లు ఇప్పుడు కొన్ని దొరుకుతున్నాయి గానీ, తేలికగా ఉండి, లోపల మురికి పట్టకుండా, విప్పి కడుక్కోవడానికి వీలైనది నాకు ఇంకా కనపడలేదు. మీ ప్రాజెక్టుకు ఇది చాలదా?

ఇంకో విషయం కూడా చెప్పాలి. సన్నటి వంపు గొట్టం ఒకటి పెదవి మూలన తగిలిస్తారు కదా, ఉమ్ము లాగేది. దాన్ని పట్టుకుని "పెదాలు మూసి పీల్చండి" అని చెప్పడం చాలాచోట్ల అలవాటు. నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. పెదాలు బిగించి పీల్చినప్పుడు నోట్లో ఒత్తిడి గొట్టంలో కంటే తగ్గిపోవచ్చు. అప్పుడు గొట్టంలో ఉన్నది వెనక్కి నోట్లోకి వస్తుంది. అందులో అంతకుముందు వచ్చిన పేషెంట్ల ఉమ్ము కూడా ఉండొచ్చు. టిప్ మార్చినా గొట్టం అదే కదా. పెదాలు బిగించమని చెప్పొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాల్లోనే ఉంది. వెనక్కి రాకుండా వాల్వు పెట్టొచ్చు, పెట్టినవి ఉన్నాయి కూడా. కాకపోతే రక్తపు గడ్డ, సిమెంటు ముక్క వచ్చి వాల్వులో ఇరుక్కుంటే మళ్లీ మొదటికే వస్తుంది. పెదాలు ఎంత బిగించినా గాలి ఆడేలా టిప్ ఆకారాన్నే మార్చడం నయమని నా ఉద్దేశం.

పరీక్షలు ఎలా చేయాలంటారా? మేం చేసిన పెద్ద పొరపాటు గేజీని నమ్మడం. గొట్టం చివర మూసి కొలిస్తే వ్యాక్యూమ్ ఎంత ఉందో చూపిస్తుంది. మూతి తెరిచి ఉన్నప్పుడు ఎంత గాలి పోతోందో అది చెప్పదు. పళ్ల పనికి కావాల్సింది ఆ గాలి ప్రవాహమే. కాబట్టి ఫ్లో మీటరుతో, తెరిచిన మూతితో, టిప్ తగిలించే కొలవండి. తర్వాత విద్యార్థులు సాధన చేసే బొమ్మ దవడ ఒకటి సంపాదించి, రబ్బరు నాలుక పెట్టి, నిమిషానికి 50 మిల్లీలీటర్ల చొప్పున రంగు నీళ్లు వదలండి. ఒక నిమిషం తర్వాత అడుగున మిగిలిన నీటిని దూదితో అద్ది, ఆ దూదిని తూకం వేయండి. కింది దవడ వెనక పళ్ల దగ్గర తప్పకుండా చేయాలి, కష్టమంతా అక్కడే. టిప్‌ను కావాలని సెంటీమీటరు పక్కకు జరిపి మళ్లీ చేయండి. జరిగినా పనిచేసేదే మంచి డిజైన్.

త్రీడీ ప్రింటర్‌తో ముద్రించిన ప్లాస్టిక్ టిప్‌ను మనిషి నోట్లో మాత్రం పెట్టకండి. పొరల మధ్య సందుల్లో మురికి చేరితే పోదు. వేడికి తట్టుకోదు కూడా. మేం ఒకసారి బుద్ధి లేక 134 డిగ్రీల ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పెట్టాం, తలుపు తీస్తే టిప్ వాడిన తోటకూర కాడలా వేలాడుతోంది. నమూనా ఆకారం చూసుకోవడానికి ప్రింటింగ్ బాగుంటుంది, అంతవరకే.

అన్నట్టు, "సక్షన్ వీక్ అయింది" అని ఎవరైనా అంటే ముందు సక్షన్ దారిలో ముక్కల్ని ఆపే జల్లెడ తీసి చూడమనండి. ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోటార్‌ను తిట్టుకున్నాం. మెకానిక్ వచ్చి జల్లెడలోంచి దూది ముద్ద తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మొదలుపెట్టే ముందు ఒక రోజంతా ఏదైనా క్లినిక్‌లో అసిస్టెంట్ పక్కన కూర్చోండి, డాక్టరు పక్కన కాదు. టిప్ ఎన్నిసార్లు చోటు మారిందో, ఎన్నిసార్లు చెయ్యి దులుపుకుందో గీతలు గీస్తూ లెక్కపెట్టండి. పేషెంట్ల అనుమతి ముందే అడిగి తీసుకోండి.

ఇక అమ్మగారికి మిగిలిన సిట్టింగులు ఉంటే, రబ్బర్ డ్యామ్ వేయమని డాక్టరుని అడగండి. పన్ను ఒక్కటే బయటికి కనపడేలా నోటికి అడ్డంగా కట్టే పల్చటి రబ్బరు షీటు అది, 1864 నుంచీ ఉంది. రూట్ కెనాల్‌కు అది వేయడమే పద్ధతి. నీళ్లు గొంతు దాకా దాదాపు పోవు. ముక్కుతో ఊపిరి తీసుకోవడం మాత్రం ముందు రోజు కాస్త అలవాటు చేసుకోమనండి. ఇబ్బందైతే తల కదపకుండా ఎడమ చెయ్యి ఎత్తమనండి, లోపల డ్రిల్ తిరుగుతుంటుంది కదా.