నిషేధం మంచిదే, పక్కోడికి!

ప్రశ్న: మా ఆఫీసులో మందు మీద ప్రభుత్వ ఆంక్షల మాట వస్తే చాలు, అందరూ "మొత్తం బంద్ చేసి పారెయ్యాలి సార్" అంటారు. అలా అన్నవాళ్ళలో సగంమంది సాయంత్రమైతే తాగేవాళ్ళే. అసలు జనానికి ఆంక్షలు కావాలా, వద్దా? మన గొడవలు రోజూ వింటూనే ఉన్నాం కాబట్టి బయటి దేశాల సంగతి చెప్పండి.

జవాబు: మీవాళ్ళు అబద్ధమేమీ ఆడట్లేదండీ, నిజంగానే బంద్ కావాలి వాళ్ళకి, కాకపోతే పక్కోడికి. చాలా దేశాల సర్వేల్లో కనిపించేది ఇదే. తాగి బండి నడిపేవాణ్ణి పట్టుకోండి అంటే దాదాపు అందరూ సై, చిన్నపిల్లలకి అమ్మొద్దు అంటే సై, అదే ట్యాక్స్ పెంచుతాం, షాపులు తొందరగా మూయిస్తాం అనేసరికి సపోర్ట్ జారిపోతుంది, ఎందుకంటే మొదటి రెండూ ఎవడో తప్పుచేసేవాడికి తగులుతాయి, తర్వాతవి మన జేబుకీ మన సాయంత్రానికీ తగులుతాయి. ఎక్కువ తాగేవాళ్ళు ఎక్కువ వ్యతిరేకిస్తారు, ఆడవాళ్ళూ పెద్ద వయసువాళ్ళూ అసలు తాగనివాళ్ళూ ఎక్కువ సమర్థిస్తారు, ఇందులో ఆశ్చర్యమేం లేదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్వీడన్. 1922 ఆగస్టులో మద్యనిషేధం పెట్టమంటారా వద్దంటారా అని అక్కడ జనాన్నే ఓటు అడిగారు, ఆడవాళ్ళ ఓట్లూ మగవాళ్ళ ఓట్లూ విడివిడిగా లెక్కపెట్టారు. ఆడవాళ్ళలో ఎక్కువమంది పెట్టమన్నారు, మగవాళ్ళలో ఎక్కువమంది వద్దన్నారు, మొత్తం కలిపితే వద్దన్నవాళ్ళు 51 శాతం, కావాలన్నవాళ్ళు 49. ఒకే ఇల్లు, ఒకే సీసా, రెండు రకాల ఓట్లు. తాగేది ఒకరు, ఆ తాగుడు భరించేది ఇంకొకరు అయినప్పుడు జనం ఏమంటున్నారు అని ఒకే ముద్దగా అడిగితే జవాబు ఎలా వస్తుంది చెప్పండి.

నిషేధం ఓడిపోయింది కానీ స్వీడన్‌లో మందుకి రేషన్ బుక్కు పద్ధతి 1955 దాకా నడిచింది. కొన్నప్పుడల్లా అందులో ఎక్కించేవాళ్ళు, మనిషి ఆదాయం, నడత చూసి ఎవరికెంత ఇవ్వాలో తేల్చేవాళ్ళు. పెళ్ళైన ఆడవాళ్ళకి మామూలుగా బుక్కే ఉండేది కాదు, మొగుడికుందిగా అని! నిషేధం కావాలని ఓటేసిన ఆవిడకి చివరికి దక్కింది ఇదన్నమాట.

ప్రశ్న: ఒకసారి చట్టం వచ్చేశాక జనం అభిప్రాయం మారుతుందా? లేక తిట్టుకుంటూనే ఉంటారా?

జవాబు: మారుతుందండీ, అదీ రెండు వైపులకీ. అమెరికాలో నిషేధం 1920 జనవరి 17న మొదలై 1933 డిసెంబర్ 5న పోయింది. దాన్ని తెచ్చినవాళ్ళలో ఆడవాళ్ళ సంఘాలది పెద్ద పాత్ర, కాబట్టి ఆడవాళ్ళంతా నిషేధం వైపే అని రాజకీయ నాయకులు గట్టిగా నమ్మేవాళ్ళు. పాలిన్ సేబిన్ అనే రిపబ్లికన్ నాయకురాలు కూడా మొదట, నా కొడుకులకి మంచిదే కదా అని సమర్థించింది, తర్వాత చట్టాన్ని ఎవరూ లెక్కచెయ్యని తీరు చూసి విసిగిపోయి 1929లో నిషేధం ఎత్తెయ్యాలని ఏకంగా మహిళల సంస్థే పెట్టింది. పిల్లల కోసం పెట్టమన్న మనిషే పిల్లల కోసం తియ్యమంది!

ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఆ చట్టంలో తాగడం నేరం కాదు, తయారుచెయ్యడం, అమ్మడం, రవాణా చెయ్యడం నేరం. ముందే కొని ఇంట్లో పెట్టుకున్నది ఇంట్లో తాగొచ్చు. అంటే డబ్బున్నవాడు గడువుకి ముందే నేలమాళిగ నింపేసుకున్నాడు, కూలివాడి బార్ మాత్రం మూతపడింది. నా లెక్కలో జనానికి మంట ఎక్కించేది ఆంక్ష కంటే ఇలాంటి తేడానే, ఎంత కఠినమైన రూలైనా అందరికీ ఒకటే అంటే కొంచెం సర్దుకుపోతారు.

ఫిన్లాండ్ కూడా 1919లో నిషేధం పెట్టింది, ఎస్టోనియా వైపు నుంచి సముద్రం మీద దొంగ స్పిరిట్ పారింది, 1931 చివర్లో ఓటింగ్ పెడితే దాదాపు 70 శాతం ఎత్తెయ్యమన్నారు. షాపులు తెరిచిన టైమ్ అక్కడ గమ్మత్తుగా గుర్తుపెట్టుకుంటారు, ఏప్రిల్ 5, 1932, పొద్దున 10 గంటలు, అంకెలు వరసగా రాస్తే 5-4-3-2-1-0.

సోవియట్ యూనియన్‌లో ఓటూ లేదు గీటూ లేదు, 1985 మే నెలలో అక్కడి అధినేత గోర్బచేవ్ మందు తగ్గించడం ఒక ఉద్యమంలా మొదలెట్టారు, అమ్మకాలు తగ్గించారు, ద్రాక్షతోటలు పీకించారు. జనం ఇళ్ళలో సారా కాచుకోవడం మొదలెట్టేసరికి షాపుల్లో పంచదార మాయమైంది. అప్పటి జోకు ఒకటుంది, వోడ్కా క్యూలో నిలబడి నిలబడి ఒకడికి ఒళ్ళుమండి "గోర్బచేవ్‌ని చంపేసి వస్తా" అని వెళ్ళాడట, కాసేపటికి తిరిగొచ్చాడు, ఏమైందిరా అంటే "అక్కడ క్యూ దీనికంటే పెద్దగా ఉంది" అన్నాడట. అయితే ఆ రెండు మూడేళ్ళలో అక్కడి మగవాళ్ళ ఆయుర్దాయం పెరిగింది, జోకు చెప్పేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. చావకుండా మిగిలినవాడికి తను మిగిలింది ఆ రూలు వల్లేనని తెలీదు కదా, క్యూలో కాళ్ళు పీకినవాడికి మాత్రం బాగా తెలుసు. ఆంక్షల మీద జనం కోపం ఎప్పుడూ కాస్త పైకి తేలేది అందుకే.

ప్రశ్న: ఒక్క బీరునే నిషేధించిన దేశం ఉందంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, ఐస్‌లాండ్. అక్కడ నిషేధం 1915లో మొదలైంది. మా వైన్ కొనకపోతే మీ చేపలు కొనం అని స్పెయిన్ బెదిరిస్తే ముందు వైన్ మీద నిషేధం ఎత్తేశారు, తర్వాత 1935లో ఘాటు మందు మీద కూడా ఎత్తేశారు, మామూలు బీరు మాత్రం 1989 మార్చి 1 దాకా బంద్! తేలిక బీరులో వోడ్కా కలిపి దొంగ బీరు చేసుకుని తాగేవాళ్ళు పబ్బుల్లో. అలవాటైపోతే ఎంత వింత రూలైనా తరాల తరబడి నడుస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి.

ప్రశ్న: ధర పెంచితే దెబ్బ పేదవాడికేగా, ఉన్నోడికేం?

జవాబు: సగం నిజం. స్కాట్లాండ్‌లో 2018 మే నుంచి ఆల్కహాల్ యూనిట్‌కి (అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్‌కి) ఇంతకంటే తక్కువకి అమ్మకూడదని కనీస ధర పెట్టారు, మొదట 50 పెన్స్, 2024 సెప్టెంబర్ నుంచి 65. ఖరీదైన విస్కీ తాగేవాడికి ఏం తేడా రాలేదు, చవగ్గా దొరికే ఘాటు సైడర్ (యాపిల్ రసంతో చేసే మందు) తాగేవాడికే తగిలింది, అదీగాక పెరిగిన డబ్బు ట్యాక్స్ కాదు కాబట్టి షాపులకే పోతుంది, ఇది నాకూ నచ్చదు. కానీ కేవలం మందు వల్ల వచ్చే చావులు ఈ రూలు లేకపోతే ఉండే లెక్కతో పోలిస్తే 13.4 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో తేల్చింది, ఆ తగ్గుదల ఎక్కువగా పేద ప్రాంతాల్లోనే. తాగుడుకి పూర్తిగా బానిసైనవాళ్ళకి మాత్రం పెద్దగా ఉపయోగపడలేదు, కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని మరీ కొన్నారు. వాళ్ళకి ధర కాదు, డాక్టర్ కావాలి.