అల్లునికి, పద్మానగర్ నుంచి

భీవండి

చిరంజీవి అల్లునికి మామ దీవెనలు.

మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ అల్లుడు బ్యాంకు కోచింగ్ బంద్ చేసిండు, యాక్టింగ్ చేస్తనని ముంబై వస్తడట, అంతా నీ పోలికే" అని నన్ను తిట్టింది. ఫోన్ పెట్టినంక నవ్వొచ్చింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలే.

హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ ఎవరి అండతోని పోయిండు అని అడిగినవట. నిజమే. జైపూర్‌ల టైర్ల దుకాణపాయన కొడుకు. సి.కె. నాయుడు క్రికెట్ టోర్నమెంటుకు (పేరు మన తెలుగాయనదే) ఎంపికై, పోను పైసల్లేక ఆగిండు. 1984ల ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాల చేరిండు. జనం కండ్లల్ల పడ్డ 'హాసిల్' సినిమా 2003ల వచ్చింది. లెక్క చేసుకో, 19 ఏండ్లు. మనోళ్లల్ల సగం మందికి ఆయన ఇప్పటికీ 'సైనికుడు' సినిమా విలనే.

ఆడిషన్లు అంధేరిల వెర్సోవా ఆరాంనగర్ దిక్కు అయితయి. పైసలడిగినోడు దొంగ. హిందీ సాఫ్ చేసుకో, మన 'నక్కో' అక్కడ నడ్వదు. అంతే. నేను చెప్పదలుచుకున్నది వేరే ఉన్నది.

1988ల వచ్చిన 'సలాం బాంబే'ల ఇర్ఫాన్‌కు మొదలు పెద్ద వేషమే అనుకున్నరు. ఆఖరికి మిగిలింది ఫుట్‌పాత్ మీద ఉత్తరాలు రాసిపెట్టెటోని ముక్క. ఏడ్చిండట.

నాకు 1991ల ఒక సీరియల్‌ల రెండు మాటలు దొరికినయి. ఇంటికి కార్డు రాసిన. ఆ ఆదివారం మీ తాత వాడకట్టునంతా పిలిచి, టీవీ వాకిట్ల పెట్టించి, అందరికి చాయ్ తాపిండట. నా సీన్ కోసేసిండ్రు. అందరు లేచిపోయినంక కూడ ముసలాయన పేర్లు అయిపోయేదాక కూసున్నడట. అది తెల్సినంక నాకు మొఖం చెల్లలే. కార్డు రాయలే. రూము మారిన, చెప్పలే. మంచి వేషం దొరికినంకనే రాద్దామనుకున్న. ఎనిమిది నెలలు పోయినయి.

ఒకరోజు సిరిసిల్ల నుంచి ఇక్కడి మగ్గాల కార్ఖానకు కొత్తగ వచ్చిన పిల్లగాడు, "కొడుకు రాకుండనే మీ బాపును సాగనంపిండ్రు గదా అన్నా" అన్నడు, నాకు తెల్సే ఉంటదనుకొని. టెలిగ్రాం పాత రూముకు పోయిందట. పదకొండో రోజుకు ఇల్లు చేరిన. మీ అమ్మకు అప్పుడు పదిహేనేండ్లు. తలుపు తీసింది, చూసింది, లోపలికి పోయింది. ఇప్పటికీ ఆ ముచ్చట ఎత్తది. నీ మీద అరిచేటప్పుడు అది గుర్తుంచుకో బిడ్డా.

2020 ఏప్రిల్ 25న జైపూర్‌ల ఇర్ఫాన్ తల్లి పోయింది. ఆయన ముంబైల ఉండి పోలేకపోయిండు. నాలుగు రోజులకు తనూ పోయిండు. ఇక్కడ మగ్గాలన్నీ బందున్న రోజులు, టీవీ ముందు కూసొని చూసిన. ఆయనను లాక్‌డౌన్ ఆపింది. నన్నెవరు ఆపిండ్రు?

సరే. రూము దొరికేదాక నా దగ్గరనే ఉండు. అంధేరి దూరమే, లోకల్‌ల నలిగిపోతవు, నలుగు. రూము మారిన రోజే అడ్రసు పంపు, నాకు కాదు, మీ అమ్మకు. సీన్ కోసేస్తే ఆ రాత్రే ఫోన్ చేసి కోసేసిండ్రని చెప్పు.

మీ అత్త సర్వపిండి చేస్తనంటున్నది. బస్సు తెల్లారేసరికి వస్తది, నేను నిలబడి ఉంట. జుట్టు పెంచినవట, కత్తిరించుకొమ్మని చెప్పమన్నది మీ అమ్మ. చెప్పిన. కత్తిరించకు.

మీ మామ